కడప బండా, ప్లైవుడ్డా, డబ్ల్యూపీసీయా? పిల్లర్ల మధ్య గూట్లో పుస్తకాల అరలకు ఏది వాడాలి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. కాకినాడలో ఇరవై ఏళ్ల నాటి ఇల్లు, కింది అంతస్తు. హాల్లో రెండు పిల్లర్లు ముందుకి పొడుచుకొచ్చి మధ్యలో గూడులాంటి చోటు మిగిలింది. వెడల్పు 5 అడుగుల 2 అంగుళాలు, లోతు అడుగు, బీము కింది దాకా ఎత్తు ఏడున్నర అడుగులు. వెనకున్నది పడమటి వైపు బయటి గోడ. నాన్నగారి పుస్తకాలన్నీ అందులో సర్దాలి. కార్పెంటరేమో పార్టికల్ బోర్డుతో (రంపపు పొట్టుని జిగురుతో అదిమిన బోర్డు) చవగ్గా అయిపోతుందంటున్నాడు. షాపాయన డబ్ల్యూపీసీ (చెక్కపొడి కలిపిన ప్లాస్టిక్ బోర్డు) అయితే చెదలు ముట్టదంటున్నాడు. మీ మావయ్యగారు కడప బండలు వేయించెయ్, నీ మనవలు కూడా వాడుకుంటారంటున్నారు. ఎవరి మాట వినాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. అరలకి 18 లేదా 19 మి.మీ. ఐఎస్ 710 ప్లైవుడ్ (నీళ్లకి తట్టుకునే మెరైన్ రకం), మధ్యలో ఒక నిలువు పలక, అన్నిటికన్నా కింద నేలకి దగ్గరగా ఒక్క అర మాత్రం కడప బండ. వెనక గోడకి ప్లైవుడ్ తొడగొద్దు, రంగు వేసిన గోడనే కనిపించనివ్వండి. ఇదంతా కూడా ఆ గోడలో చెమ్మ లేదని తేలాకే. చెమ్మ ఉంటే ఏ చెక్క కొన్నా డబ్బు దండగే.

నేను రాజమండ్రిలో చెక్కపని కాంట్రాక్టులు చేస్తాను. నాన్న దగ్గర పని నేర్చుకున్నప్పటి నుంచి లెక్కేస్తే ఇరవై నాలుగేళ్లు. ఇన్నేళ్లలో చెడిపోయిన అరలు చూసినప్పుడు బోర్డు తప్పు కన్నా, గోడ చూడకుండా, వెడల్పు లెక్క చూసుకోకుండా కట్టిన తప్పే ఎక్కువ కనపడింది. అందుకని మీ ముగ్గురు సలహాదారుల్లో ఎవరూ పూర్తిగా తప్పు కాదు. కాకపోతే ముగ్గురూ సరుకు గురించే మాట్లాడారు, మీ గూడు గురించి ఎవరూ మాట్లాడలేదు.

ముందు బరువు సంగతి. పుస్తకాలు వరసగా నిలబెడితే అడుగు పొడవుకి ఎనిమిది నుంచి పది కిలోలు తూగుతాయి. నిఘంటువులు, బైండు చేయించిన పాత పత్రికల సంపుటాలైతే ఇంకా ఎక్కువ. మీ గూట్లో ఐదడుగుల అరకి యాభై కిలోలు. ఆరు అరలు నిండితే మూడు వందల కిలోలు, అంటే నాలుగు ధాన్యం బస్తాలు గోడకి వేలాడదీసినట్టు. బట్టల బీరువాకి, షోకేసు బొమ్మలకి ఈ బరువుండదు. మీ కార్పెంటరు రోజూ కట్టేది అవే కాబట్టి ఆయనకి పార్టికల్ బోర్డు చాలనిపిస్తుంది. ఆయన్ని తప్పు పట్టలేం.

ఏ పలకైనా రెండు చివర్ల మీద నిలబడి మధ్యలో బరువు మోస్తే కొంత కుంగుతుంది. ఎంత కుంగుతుందన్నది పొడవుని బట్టి విపరీతంగా మారుతుంది. పొడవు రెట్టింపైతే కుంగడం రెట్టింపు కాదు, పదహారు రెట్లు. మందం పెంచితే తగ్గుతుంది కానీ అంత జోరుగా కాదు. 18 మి.మీ. బదులు 25 మి.మీ. వేస్తే కుంగడం సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది, అంతే. అందుకే మందం బోర్డు కొనడం కన్నా మధ్యలో ఒక నిలువు పలక పెట్టడం ఎంతో నయం. మీ కొలతలకి నేను లెక్క వేసి చూశాను. 18 మి.మీ. ప్లైవుడ్ ఐదడుగులు ఏ ఆసరా లేకుండా వేస్తే నిండు పుస్తకాలకి మధ్యలో ఇంచి దాకా కుంగుతుంది. అదే సగానికి నిలువు పలక పెడితే రెండు మి.మీ. లోపే, కంటికి ఆనదు. ఎండీఎఫ్ (కర్ర నారని జిగురుతో అదిమిన బోర్డు) అయితే ప్లైవుడ్‌కి రెట్టింపు కుంగుతుందనుకోండి. పార్టికల్ బోర్డు అంతకన్నా ఎక్కువ. పైగా ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ఇంకా దిగుతూనే ఉంటుంది.

ఒక తెలుగు మాస్టారింట్లో చూశాను. రిటైరయ్యాక ఇష్టపడి కట్టించుకున్న అరలు, ఐదున్నర అడుగుల పార్టికల్ బోర్డు, మధ్యలో ఏమీ లేదు. కట్టింది నేను కాదు, బాగు చెయ్యమని పిలిస్తే వెళ్లాను. పలకలన్నీ పాత నులకమంచంలా దిగిపోయి ఉన్నాయి. పుస్తకాలు రెండు వైపుల నుంచీ మధ్యకి వాలి ఒకదానికొకటి తలలు ఆన్చుకున్నాయి. ఒక అర తీద్దామని పట్టుకుంటే స్క్రూ మరతో సహా ఊడొచ్చింది. దాని చుట్టూ తడిసి ఆరిన రంపపు పొట్టు, చిటికెలో నలిపితే పిండి. ఒక్క వానాకాలంలో గాలిలో తేమకే అలా అయిందట, నీళ్లు పడింది కూడా లేదు. మీది కాకినాడ, సముద్రపు గాలి. నేను చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు గోడ. పడమటి గోడ, బయటి గోడ, ఇరవై ఏళ్లది. మధ్యాహ్నపు ఎండంతా దానికే, వానా తగులుతుంది. గూడు లోపలి మూలల్లో రంగు పొక్కులు లేచిందా, చెయ్యి రాస్తే తెల్లగా ఉప్పులాంటి పొడి అంటుతోందా చూడండి. ఏమీ కనిపించకపోయినా ఈ చిన్న పరీక్ష చెయ్యండి. రెండడుగుల చదరం పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు తీసుకుని గూటి వెనక గోడకి నాలుగు వైపులా టేపు వేసి గాలి చొరకుండా అంటించండి. నేలకి అడుగు ఎత్తులో ఒకటి, నడుం ఎత్తులో ఒకటి. రెండు రోజులుంచండి. షీటుకి గోడ వైపు నీటి చుక్కలు పడితే తేమ గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే అది గదిలో గాలి తేమ, దానికి అంత భయం లేదు. ఈ పరీక్ష ఎండాకాలంలో కాదు, రెండు మూడు వానలు పడ్డాక చెయ్యాలి.

గోడలోంచే వస్తోందని తేలితే కార్పెంటరుని కాదు, ముందు మేస్త్రీని పిలవండి. బయటి వైపు ప్లాస్టరింగు పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫ్ పూత వేయించి, ఒక వాన చూసి, అప్పుడు అరల మాట. లోపలి నుంచి ఏ పూత పూసినా అది పొక్కు కింద దాచిన పుండే.

ఈ విషయంలో నా సొంత తప్పు ఒకటుంది. మా ఇంట్లోనే, బాత్రూం గోడకి ఆనించి ఒక గూడు. అందం కోసం వెనకాల 6 మి.మీ. ప్లైవుడ్ కొట్టి దాని మీద మెరిసే సన్‌మైకా వేశాను. రెండేళ్లు చూడ్డానికి చక్కగా ఉంది. ఒకరోజు మా అమ్మాయి గోళీ ఆడుతూ వేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. సన్‌మైకా అప్పడంలా విరిగింది, దాని వెనక చెక్క లేదు. చెదలు మొత్తం తినేసి ఆ ఖాళీలో మట్టి నింపి పెట్టాయి. అప్పటిదాకా ఆ పలచని పొర ముందు వైపు మాత్రం చెక్కు చెదరకుండా ఉంది! గోడకి, ప్లైవుడ్‌కి మధ్య చీకటి, చెమ్మ, తిండి మూడూ నేనే అమర్చిపెట్టాను కదా, అవి మాత్రం ఏం చేస్తాయి. అప్పటి నుంచి బయటి గోడకి గానీ బాత్రూం గోడకి గానీ వెనక పలక కొట్టను. ఎవరైనా పట్టుబడితే ఈ కథ చెప్తాను.

ఇక మీ మావయ్యగారి కడప బండ. ఆయన మాట కొట్టిపారేయొద్దు. మన వంటిళ్లలో గట్టు కింద అరలన్నీ ముప్పై నలభై ఏళ్లుగా దాని మీదే నడిచాయి. చెదలు పట్టవు, ఉబ్బదు, తడిగుడ్డకి భయపడదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల వైపు తీసే నల్ల సున్నపురాయి అది. సున్నపురాయి కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు పడితే తెల్ల మచ్చలు పడతాయి కానీ పుస్తకాలకి ఆ బాధ లేదు.

మీ గూటికి దానితో రెండు చిక్కులున్నాయి. ఒకటి, రాయి వంగదు. వినడానికి ఇది మంచి గుణంలాగే ఉంటుంది. చెక్క కుంగి, బరువు ఎక్కువైంది నాయనా అని ముందే చెబుతుంది. రాయి అలా చెప్పదు, ఒకరోజు టప్పున విరుగుతుంది. 20 మి.మీ. బండ చదరపు అడుగు ఐదు కిలోల పైనే తూగుతుంది. ఐదడుగుల అరకి సొంత బరువే పాతిక కిలోలు, దాని మీద యాభై కిలోల పుస్తకాలు. మధ్యలో ఆసరా లేకుండా అంత పొడవు వెయ్యడం, అందులోనూ లోపల సన్న చీలిక ఉన్న బండ పడితే, కింద కూర్చుని ఆడుకునే పిల్లలున్న ఇంట్లో నేను చెయ్యను.

రెండోది అంతకన్నా ముఖ్యం. కడప బండ అరలకి గోడలో గాడి కొట్టి రెండు మూడు అంగుళాలు లోపలికి దూరుస్తారు. మీకు రెండు పక్కలా ఉన్నవి గోడలు కావు, పిల్లర్లు. పిల్లర్లో ఇనుప చువ్వల మీద కాంక్రీటు కవరు ఉండేదే 40 మి.మీ. సుమారు. గాడి కొడితే చువ్వ బయటపడుతుంది. ఉప్పుగాలి ఊళ్లో బయటపడిన చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. అర కోసం ఇంటి పిల్లరు పాడుచేసుకుంటామా? మేస్త్రీ ఎంత ధీమాగా చెప్పినా పిల్లరు మీద సుత్తీ ఉలీ పడనివ్వకండి. బండలే కావాలంటే వంటింట్లో చేసినట్టు నిలువు బండలు నేల మీద నిలబెట్టి వాటి మీద అడ్డబండలు వేయించుకోవాలి. అది గట్టిగానే ఉంటుంది కానీ హాల్లో కొట్టు గదిలా కనిపిస్తుంది. తర్వాత అరల ఎత్తు మార్చుకోవడమూ కుదరదు.

అందుకే అడుగున ఒక్క అరకి చాలంటున్నాను. నేల మీద నాలుగంగుళాల ఇటుక గట్టు కట్టించి దాని మీద కడప బండ పరిపించండి. మధ్య పలక కూడా ఆ బండ మీదే నిలబడాలి, నేల మీద కాదు. రోజూ తడిబట్ట పెట్టినప్పుడు నీళ్లు తాకేది ఆ నాలుగంగుళాలే, చెదలు మొదట ఎక్కేదీ అక్కడి నుంచే. రాయి ఉంటే చెదలు ఆగిపోవు, పక్క నుంచి మట్టి దారి కట్టుకుని ఎక్కుతాయి. కానీ ఆ మట్టి గీత నల్లబండ మీద మీ కంటికి కనిపిస్తుంది. కనిపించిన రోజే తుడిచి మందు కొట్టించుకోవచ్చు. గట్టు కట్టే ముందే గోడా నేలా కలిసే చోట రంధ్రాలు వేసి చెదల మందు ఎక్కించేయండి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్‌సీ అని అడిగితే దొరుకుతుంది. పని తెలిసినవాళ్లతో చేయించండి.

షాపాయన చెప్పిన డబ్ల్యూపీసీకి చెదలు పట్టవన్నది నిజమే. నీళ్లలో నానబెట్టినా ఏమీ కాదు. బాత్రూం తలుపుకి, సింకు కింద పెట్టెకి నేనే వాడతాను. కానీ అది ప్లాస్టిక్ నురగ, బిగువు తక్కువ. పుస్తకాల బరువుకి ప్లైవుడ్ కన్నా నాలుగైదు రెట్లు వంగుతుంది. సాయంత్రపు ఎండకి పడమటి గోడ వేడెక్కితే ఇంకా మెత్తబడుతుంది. దాని అంచులోకి బిగించిన స్క్రూ రెండోసారి విప్పి బిగిస్తే పట్టదు. ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. దేవుడి గూట్లోకి డబ్ల్యూపీసీ, పీవీసీ బోర్డులు వాడకండి. ఒకరింట్లో కార్తీకమాసమంతా దీపం పెట్టేసరికి పై పలక మీద గోధుమరంగు బొబ్బ లేచింది. దీపం పెట్టే చోట గ్రానైటు గానీ పాలరాయి గానీ ఉండాలి, అంతే.

ఎండీఎఫ్, హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (ఎండీఎఫ్ లాంటిదే, ఇంకా చిక్కగా అదిమిన బోర్డు) రెండూ రంగు వేసే తలుపులకి మంచివి, నునుపు బాగా వస్తుంది. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ తేమకి కొంత తట్టుకుంటుంది కూడా. పొడుగాటి అరలకి మాత్రం నా ఓటు వాటికి లేదు. టేకు పలకలు దొరికితే అంతకన్నా ఏం కావాలి. పాత ఇళ్లు కూల్చిన చోట దూలాలు, తలుపు చెక్కలు దొరుకుతుంటాయి. ఏళ్ల తరబడి ఆరి ఆరి ఉన్న కర్ర కాబట్టి ఇక వంకర పోదు. మేకులు ఏరి, కోయించి, చిత్రిక పట్టించే కూలి కూడా లెక్కలో వేసుకోండి. పచ్చి వేప, పచ్చి టేకు చవగ్గా ఇస్తామంటే తీసుకోవద్దు, ఎండాకాలం వచ్చేసరికి మెలితిరుగుతాయి.

ప్లైవుడ్ కొనేటప్పుడు. షీటు మీద 710 అని పెద్ద అక్షరాలు ఉంటే చాలదు. ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 710, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే ఎవరి పేరు మీద ఉందో, నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. ఐదు నిమిషాల పని, షాపులో నిలబడే చెయ్యండి. తర్వాత షీటు అంచు వైపు నుంచి చూడండి. పొరల మధ్య సందులు, నల్ల గీతలు ఉన్నాయా? వేలి కణుపుతో అక్కడక్కడా తట్టండి, డొల్ల శబ్దం వచ్చిన చోట లోపల పొర లేదన్నమాట. 710 రకానికి జిగురు పరీక్ష 72 గంటల పాటు మరిగే నీళ్లలో ఉంటుంది. నేను అంత చెయ్యలేను కానీ కొత్త షాపులో మొదటిసారి కొంటే చిన్న ముక్క అడిగి తెచ్చి, వంటకి వాడని పాత గిన్నెలో ఒక పూటంతా మరిగిస్తాను. తీసి ఉలితో పొరల మధ్య పొడిస్తే తేలిగ్గా అట్టలు అట్టలుగా విడిపోతే ఆ షాపుకి మళ్లీ వెళ్లను.

కోత గురించి ఒక రహస్యం. 8×4 షీటుని పొడవు వెంబడి నాలుగు పట్టీలుగా కోయించండి. ఒక్కో పట్టీ 11 అంగుళాల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. మధ్య పలక మందం పోను మీ అరలు ఒక్కోటి 30 అంగుళాల పైచిలుకు వస్తాయి కాబట్టి పట్టీకి మూడు చొప్పున షీటుకి పన్నెండు. అంటే ఆరు వరసలు ఒక్క షీటులో సరి. మధ్య పలకకి ఇంకో షీటులోంచి ఒక పట్టీ. ఇలా కోస్తే పై పొర నార అర పొడవు వెంబడి ఉంటుంది, బలమంతా అక్కడే. కొందరు తుక్కు ముక్కలు కలిసొస్తాయని అడ్డంగా కోస్తారు. పైన సన్‌మైకా పడ్డాక మీకు తెలియదు, ఏడాది తర్వాత పలకే చెబుతుంది.

గూట్లో కట్టే అరకి బయట నిలబెట్టే బీరువాకి లేని సుఖం ఒకటుంది, మూడు వైపులా ఆసరా దొరుకుతుంది. పక్కలా, వెనకా ఒక ఇంచి అల్యూమినియం ఎల్ యాంగిల్ బిగించి దాని మీద పలక కూర్చోబెట్టండి. చెక్క రీపర్లు వద్దు, గోడకి తాకే చెక్క ఎంత తక్కువుంటే అంత మంచిది. పిల్లర్లకి చిన్న రంధ్రాలు వేసి యాంకర్లు కొట్టొచ్చు. డ్రిల్లుకి చువ్వ తగిలితే అక్కడే తోస్తూ కూర్చోకుండా ఇంచి పక్కకి జరగాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే, 304 రకం. మీ ఊళ్లో మామూలు స్క్రూలు రెండేళ్లకి ఎర్రగా కారతాయి. ముందు అంచుకి ఒకటిన్నర అంగుళాల ఎత్తు టేకు పట్టీ జిగురూ స్క్రూలతో బిగిస్తే అదే చిన్న దూలంలా పనిచేస్తుంది, కోసిన అంచూ మూసుకుపోతుంది. సన్‌మైకా పైనొకటే వేసి కింద వదిలేయొద్దు. రెండు వైపులా వెయ్యకపోతే పలక ఒక పక్కకి వంగుతుంది. కింద చవకరకం వేసినా ఫరవాలేదు. వెనక అంచు, పక్క అంచులు గోడ వైపే కదా అని పచ్చిగా వదిలేస్తారు. తేమ పీల్చేది అవే. బిగించే ముందు రెండు కోట్లు ప్రైమరు పూయించండి, మీరు పక్కన నిలబడి.

కొలతలు మాత్రం ఒక్కచోట తీసి అన్నీ అదే సైజుకి కోయించకండి. ప్లాస్టరింగులో పిల్లర్ల మధ్య దూరం పైనొకటి, కిందొకటి ఉంటుంది. అరంగుళం తేడా మామూలే. ప్రతి అర ఎత్తులోనూ ముందొకసారి, వెనకొకసారి కొలవాలి.

ముందు ఆ ప్లాస్టిక్ షీటు అంటించి, రెండ్రోజులాగి, చుక్కలు ఎటు వైపు పడ్డాయో చెప్పండి. గోడ వైపు పడితే పై లెక్కంతా పక్కన పెట్టి, బయటి గోడ ఫోటో ఒకటి పెట్టండి, అక్కడి నుంచి చూద్దాం. పొడిగా ఉంటే ఒక షీటు, ఒక పట్టీ, ఒక కడప బండ. మీ కార్పెంటరుకి చూసుకుని చేస్తే నాలుగు రోజుల పని.